పొగమంచు తాగి పూచే పువ్వు

జూన్ నెల చివరి వారం. అంతకు నాలుగైదు రోజుల ముందే తొలకరి కురిసింది. పొద్దున్నే తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడక మొదలుపెట్టాను. రోడ్డు మీద బస్సుల రొద, మెట్రో స్తంభాల కింద నిలిచిన నీళ్లు. క్యాంపస్‌లోకి నాలుగు అడుగులు వేయగానే మాత్రం గాలే మారిపోతుంది. వేపచెట్లు, వానకు కడిగినట్టున్న బండరాళ్లు, దూరంగా 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతి భవనం. అప్పటికే చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లలు కనిపించారు. పిల్లలని అనడమే గాని, వారిలో చాలామంది చదువు ఎప్పుడో ముగించినవారే. నోటిఫికేషన్ కోసం, పరీక్ష కోసం, ఫలితం కోసం ఎదురుచూస్తూ ఏళ్ల తరబడి ఈ నీడను వదలలేని వారు.

ఒక పాత గోడ వెంట గులాబీ రంగు పూలు వరుసగా విచ్చుకుని ఉన్నాయి. వారం క్రితం అక్కడ ఎండిన మట్టి తప్ప మరేమీ లేదని నాకు బాగా గుర్తు. వాటిని చూస్తూ నిలబడితే, పక్కనున్న బండ మీద కూర్చున్న ఒక అబ్బాయి లేచి "నమస్తే అంకుల్" అన్నాడు. మా సంఘంలోని అబ్బాయే. ఎమ్మెస్సీ బోటనీ చదివాడు. ఐదేళ్లుగా ఉద్యోగ పరీక్షలు రాస్తున్నాడు. నాలుగు నెలలుగా ఆదివారం ఆరాధనకు రావడం లేదు.

"ఏం బాబూ, రిజల్టు..." అని నోటి చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆ మాట మింగేశాను. "ఈ పూలు ఎవరు నాటారు నాన్నా?" అని అడిగాను.

అతని ముఖం వెలిగింది. "ఎప్పుడో ఎవరో నాటి ఉంటారు అంకుల్. రెయిన్ లిల్లీలు. గడ్డలు లోపలే ఉంటాయి. ఎండాకాలమంతా ఇక్కడేమీ లేదనుకుంటాం. వాన పడిన నాలుగైదు రోజులకు ఇలా లేస్తాయి. ఇవి మన దేశం మొక్కలు కావు, అమెరికా ఖండాల నుంచి వచ్చినవి" అన్నాడు. కాసేపాగి, "వీటికి దూరపు చుట్టం ఒకటుంది అంకుల్. దానికి వాన కూడా అక్కర్లేదు. పొగమంచు చాలు" అన్నాడు.

ఆ ఉదయం ఆ బండ మీద కూర్చుని అతను చెప్పిన పువ్వు కథ ఇది. తరువాత నేను కూడా దాని గురించి దొరికినంత చదివాను. చదివిన కొద్దీ అది పువ్వు కథలా కాక మన సంఘాల కథలా అనిపించింది.

వాన ఎరుగని కొండలు

దక్షిణ అమెరికాలో పసిఫిక్ సముద్రం ఒడ్డున పెరూ దేశం ఉంది. దాని రాజధాని లిమా. భూమధ్యరేఖకు ఇవతల మద్రాసు ఎంత దూరమో, అవతల లిమా దాదాపు అంతే దూరం. పక్కనే మహాసముద్రం ఉంది కాబట్టి వానలు దండిగా కురుస్తాయని అనుకుంటాం. కాని లిమా ఎడారిలో కట్టిన నగరం. మన హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అక్కడ సగటున పది పదిహేను మిల్లీమీటర్లు కూడా కష్టమే. కోటి మంది ఉండే ఆ నగరంలో గొడుగుతో పెద్దగా పని లేదు.

దీనికి కారణం సముద్రమే. దక్షిణ ధ్రువం వైపు నుంచి ఒక చల్లని నీటి ప్రవాహం ఆ తీరం వెంబడే పైకి సాగుతుంది. దాన్ని హంబోల్ట్ ప్రవాహం అంటారు. ఆ చల్లని నీటి మీద ఉన్న గాలి చల్లబడి, అందులోని తేమ మబ్బుగా మారుతుంది. అయితే ఆ మబ్బుకు పైన వెచ్చని గాలి పొర ఒకటి కుండ మీద మూతలా కూర్చుని ఉంటుంది. మూత దాటి మబ్బు పైకి వెళ్లలేదు. పైకి వెళ్లి దట్టమైతేనే కదా వాన! ఇక తూర్పున అమెజాన్ అడవుల మీది తేమను ఆండీస్ పర్వతాలు ఇవతలికి రానివ్వవు. ఇలా రెండు వైపులా దారి మూసుకుపోయిన నేల అది.

కాని జూన్ వచ్చేసరికి అక్కడ చలికాలం మొదలవుతుంది. సముద్రం మీది ఆ మబ్బు కిందికి దిగి, గాలికి కదిలి, తీరానికి దగ్గరున్న కొండలను తాకుతుంది. మన లంబసింగిలో, అరకులో తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచును ఊహించుకోండి. అలాంటి మంచు అక్కడ వారాల తరబడి కొండలను వదలదు. అందులోని నీటి బిందువులు కంటికి కనిపించనంత చిన్నవి. అవి రాళ్లకు, నాచుకు, ఆకులకు, ముళ్లకు అంటుకుని, ఒకదానితో ఒకటి కలిసి చుక్కలై మట్టిలోకి జారుతాయి. అప్పుడప్పుడు పడే సన్నని తుంపరను అక్కడివారు గరూవా అంటారు. బట్టలు తడుపుతుందే గాని చూరు నుంచి ధారగా కారదు. అంతమాత్రానికే బూడిద రంగులో ఉన్న కొండలు కొన్ని వారాల్లో పచ్చబడతాయి. వాటిని లోమాస్ అంటారు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ పచ్చదనం. తరువాత ఎండ, మళ్లీ బూడిద.

మన వంటింటి టమాటాకు అడవి చుట్టాలు కూడా ఈ మంచు కొండల మీద ఉన్నాయి. అందులో ఒక జాతి నుంచే, వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగును తట్టుకునే గుణాన్ని శాస్త్రవేత్తలు సాగు టమాటాలోకి తెచ్చారు. ఎవరూ పట్టించుకోని ఎండు కొండ మీద ప్రపంచం పళ్లెంలోకి వచ్చే మేలు దాగి ఉందన్నమాట.

ఈ కొండల మీద పూచే అందమైన పువ్వు పేరు అమంకాయెస్. పసుపు పచ్చని పువ్వు. మధ్యలో గిన్నెలాంటి ఆకారం, అందులో సన్నని ఆకుపచ్చ చారలు. మంచు దిగిన కొద్ది రోజులకే నేలలోంచి లేచి, జూన్, జూలై నెలల్లో పూస్తుంది. ఒక్కో పువ్వు ఉండేది కొద్ది రోజులే. బీగిల్ ఓడ మీద ప్రయాణిస్తూ 1835 జూలైలో లిమా చేరిన డార్విన్, ఆ కొండల మీద నాచు తివాచీలా పరుచుకుని ఉందనీ, అందమైన పసుపు లిల్లీల గుంపులున్నాయనీ రాసుకున్నాడు. ఆ పువ్వు పేరు కూడా రాశాడు.

గడ్డలో గడిచే కాలం

"పూసిన రెండు వారాలనే అందరూ చూస్తారు అంకుల్. మిగిలిన పది నెలలు అది ఏం చేస్తుందో ఎవరూ చూడరు" అన్నాడు ఆ అబ్బాయి.

ఏం చేస్తుంది? మట్టి కింద ఉల్లిగడ్డలాంటి గడ్డ ఒకటి ఉంటుంది. ఆకులున్నప్పుడు తయారుచేసుకున్న ఆహారాన్నీ నీటినీ పొరల్లో దాచుకుంటుంది. మంచు పోగానే ఆకులు ఎండి రాలిపోతాయి. పైన గుర్తు కూడా మిగలదు. కాని లోపల పని ఆగదు. ఇలాంటి గడ్డ మొక్కల్లో చాలావాటికి రాబోయే పువ్వు మొగ్గ, పైన ఏమీ కనిపించని కాలంలోనే లోపల రూపు కడుతుంది. కొన్నింటి వేళ్లు ముడుచుకుంటూ గడ్డను ఇంకాస్త లోతుకు లాగుతాయి, పైనున్న వేడి తగలకుండా. మనం నిద్ర అనుకునేది దానికి పనే.

అమంకాయెస్ విత్తనం సంగతి మరొకటి. అది ఎండి గట్టిపడి ఏళ్ల తరబడి నిలవ ఉండే గింజ కాదు. కండ పట్టిన పచ్చని విత్తనం. తేమ ఉండగానే మొలవాలి. మొలిచిన తరువాత గడ్డ ఊరి, మొదటి పువ్వు పూయడానికి మళ్లీ కొన్నేళ్లు పడుతుంది. అంటే కొండ మీద మనకు కనిపించే ఒక్క పువ్వు వెనుక ఎవరికీ కనిపించని ఎన్నో చలికాలాలు ఉన్నాయి.

ఇది విన్నప్పుడు నాకు బాప్తిస్మమిచ్చు యోహాను గుర్తొచ్చాడు. తల్లి ఎలీసబెతు గర్భవతి అయినప్పుడు ఐదు నెలలు ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది (లూకా 1:24). పిల్లలు లేరని జీవితమంతా జనం మాటలు పడిన స్త్రీ ఆమె. ఇక ఆ బిడ్డ పెరిగి, ప్రజలకు కనబడే రోజు వచ్చేదాకా అరణ్యంలోనే ఉన్నాడు (లూకా 1:80). సువార్తలు ఆ ఏళ్ల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టాయి. కాని యొర్దాను ఒడ్డున వినిపించిన ఆ కంఠం తయారైంది ఆ మౌనంలోనే కదా.

ఈ పోలిక నేను కల్పించింది కాదు. లిమా ప్రజలు ఆ పువ్వునూ ఆ ప్రవక్తనూ ఎప్పుడో ఒకచోట చేర్చారు. పాత క్రైస్తవ సంప్రదాయం ప్రకారం యోహాను జన్మదినం జూన్ 24, అంటే క్రిస్మస్‌కు దాదాపు ఆరు నెలల ముందు. మన సంఘాల్లో చాలావరకు ఈ పండుగ ఆచరణలో లేదు. లిమాలో మాత్రం ఆ రోజు అమంకాయెస్ పండుగ మొదలయ్యేది.

ప్రేమించే పోగొట్టుకున్నారు

1535లో స్థాపించిన లిమా నగరానికి పక్కన రిమాక్ నది. నది అవతల కొండల మధ్య ఒక మైదానం. దాని పేరే అమంకాయెస్ మైదానం. జూన్ 24న నగరమంతా అక్కడికి కదిలేది. గొప్పవారు బండ్ల మీద, గుర్రాల మీద, పేదవారు కాలినడకన. అన్నీ మూటగట్టుకుని వెళ్లి, అక్కడే వండుకుని, పాడుకుని, ఆడుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరి దగ్గరా పసుపు పువ్వులే. టోపీల మీద, జడల్లో, గుర్రాల మెడల్లో, చేతుల్లో గుత్తులు గుత్తులుగా. పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారులు ఈ సంబరాన్ని బొమ్మలుగా గీశారు. యాత్రికులు పుస్తకాల్లో రాశారు.

అది శత్రువుల దాడి కాదు. ఆ పువ్వంటే ప్రాణం పెట్టే జనం చేసుకున్న సంబరం. అయితే పువ్వును కోస్తే విత్తనం ఉండదు. తొందరలో లాగితే గడ్డతో సహా ఊడివస్తుంది. గడ్డ పోతే అక్కడ ఇక చలికాలాలు ఎన్ని వచ్చినా పువ్వు లేదు. దానికి తోడు నగరం పెరిగింది. పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పేదలకు ఉండడానికి చోటు లేక కొండవాలుల మీద గుడిసెలు వేసుకున్నారు. వారిని ఏమనగలం? భూమిని ఆక్రమించి అమ్ముకునే దళారులు మాత్రం ఆ అవసరాన్ని సొమ్ము చేసుకున్నారు. క్వారీలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పువ్వులు అరుదైపోయాయి, పండుగ కనుమరుగైపోయింది. మైదానం పేరు మిగిలింది, మైదానం నిండా ఇళ్లు మిగిలాయి. లిమాకు గుర్తుగా చెప్పుకునే ఆ పువ్వును లిమాలో పుట్టి పెరిగినవారే చాలామంది ఎన్నడూ చూడలేదు.

ఆ అబ్బాయి ఇక్కడ ఆగాడు. చేతిలో పుస్తకం అట్టను గోటితో గీకుతూ, "ఎవరూ చెడ్డవాళ్లు కాదు అంకుల్. అందరికీ ఇష్టమే. కాని ఇష్టపడి లాగేశారు" అన్నాడు.

అతను నన్ను ఉద్దేశించి అన్నాడో లేదో నాకు తెలియదు. కాని ఆ మాట నాకు సూటిగానే తగిలింది.

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం, సంఘ పెద్దగా ప్రార్థన అవసరాలు చదువుతూ, నేనే అతని పేరు పెట్టి పిలిచి నిలబడమన్నాను. "మన అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదు, అందరం భారంతో ప్రార్థిద్దాం" అన్నాను. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. పక్కన తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు భక్తితో వచ్చాయనుకున్నాను. ప్రార్థన బాగా జరిగిందని సంతోషంగా ఇంటికి వెళ్లాను. ఆ తరువాత ప్రతి ఆదివారం గేటు దగ్గర ఎవరో ఒకరు, "ఏమైంది బాబూ, వచ్చిందా?" పరీక్ష రాసిన ప్రతిసారీ, "వచ్చే వారం సాక్ష్యం చెప్పాలి సుమా." మేం అందరం అతన్ని ప్రేమించినవాళ్లమే. అతనికి ఉద్యోగం వస్తే మా ఇంట్లో పిల్లవాడికి వచ్చినంత సంబరపడేవాళ్లం. అయినా నాలుగు నెలల క్రితం అతను రావడం మానేశాడు. మేమేమో అతని విశ్వాసం చల్లబడిందని చెప్పుకున్నాం.

చూడమన్నాడు, కోయమనలేదు

కొండ మీద ప్రసంగంలో ప్రభువు అడవి పువ్వుల గురించి మాట్లాడాడు (మత్తయి 6:28-30). మనం ఈ మాటలను ఎన్నోసార్లు విన్నాం. చింతపడవద్దని చెప్పడానికి వాడతాం. కాని అక్కడ ఆయన ఇచ్చిన ఆజ్ఞను గమనించండి. పువ్వు ఎలా ఎదుగుతుందో ఆలోచించమన్నాడు. గ్రీకు భాషలో ఆ మాటకు దగ్గరగా, శ్రద్ధగా చూసి నేర్చుకోవడం అనే అర్థం ఉంది. ఎదగడాన్ని చూడమన్నాడు. సొలొమోను వైభవంతో పోల్చదగిన ఆ అందాన్ని ఆయన తన శిష్యులకు చూపించాడే గాని, కోసి చేతికివ్వలేదు. ఆ పువ్వులు గలిలయ కొండ మీదే ఉండిపోయాయి.

పువ్వు ఎదగడాన్ని చూడాలంటే ఓపిక కావాలి. పువ్వును మాత్రమే చూడాలంటే ఒక్క ఆదివారం చాలు. మనకు సాక్ష్యాలు కావాలి. ఉద్యోగం వచ్చిందన్న సాక్ష్యం, పెళ్లి కుదిరిందన్న సాక్ష్యం, బిడ్డ పుట్టిందన్న సాక్ష్యం, జబ్బు నయమైందన్న సాక్ష్యం. అవి మంచివే, దేవునికి మహిమే. కాని అవి ఇంకా రానివారు మన మధ్య ఎంతమంది కూర్చుని ఉన్నారు? "ఇంకా సంబంధాలు చూడటం లేదా?" "పిల్లలు ఇంకా లేరా?" "మందులు ఇంకా వాడుతున్నావా?" ఆ "ఇంకా" అనే మాట ఉంది చూశారూ, అది మట్టి తవ్వి గడ్డను పైకి లాగి, మొగ్గ వచ్చిందా అని చూడటంలాంటిది.

బైబిల్లో మంచును గురించిన మాటలు ఇక్కడ మనకు సహాయపడతాయి. పాలస్తీనాలో వేసవి నెలల్లో వాన ఉండదు. రాత్రి కురిసే మంచే పంటకు ఆధారం. అందుకే మోషే తన చివరి కీర్తన మొదట్లో, తన మాటలు మంచులా దిగాలని, లేత గడ్డి మీది తుంపరలా ఉండాలని కోరుకున్నాడు (ద్వితీయోపదేశకాండము 32:2). నలభై ఏళ్లు విసిగించిన జనంతో మాట్లాడుతూ అన్న మాట అది! హోషేయ ప్రవక్త ద్వారా దేవుడు, తన ప్రజలకు తానే మంచులా ఉంటానని, అప్పుడు వారు పువ్వులా వికసిస్తారని వాగ్దానం చేశాడు (హోషేయ 14:5). తుపానులా వస్తాననలేదు. మంచులా ఉంటానన్నాడు. మంచు చప్పుడు చేయదు. ఇంత నీళ్లిచ్చాను, పువ్వేదీ అని లెక్క అడగదు. రోజూ వస్తుంది, అంతే.

ఎడారి పూస్తుందని యెషయా చెప్పిన ప్రవచనం కూడా మనకు తెలుసు (యెషయా 35:1). అక్కడ మన తెలుగు బైబిల్లో కస్తూరి పుష్పం అని ఉన్నదానికి మూలంలో ఉన్న హెబ్రీ పదం ఏ పువ్వును సూచిస్తుందో పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. నేటి ఇశ్రాయేలీయులు మాత్రం ఆ పేరుతో సముద్రతీరపు ఇసుక దిబ్బల్లో పూచే ఒక తెల్లని పువ్వును పిలుస్తారు. అది కూడా గడ్డ నుంచి లేచే పువ్వే. వేసవి చివర, ఇంకా వానలు రాకముందే, పొడి ఇసుకలోంచి పూస్తుంది. శాస్త్రవేత్తలు దాన్ని పాంక్రేషియం అనే ప్రజాతిలో చేర్చారు. ఆశ్చర్యం ఏమిటంటే, స్పెయిన్ రాజు పంపిన వృక్షశాస్త్రజ్ఞులు రూయిస్, పావోన్ పెరూలో చాలా ఏళ్లు తిరిగి, 1802లో గ్రంథానికి ఎక్కించిన అమంకాయెస్ పువ్వు కూడా దీనికి చుట్టమే. తరువాత దాన్ని వేరే ప్రజాతిలోకి మార్చారు గాని, కుటుంబం ఒక్కటే. మన ఉస్మానియా గోడ వెంట పూసిన రెయిన్ లిల్లీ కూడా ఆ కుటుంబానిదే. తొలకరి తరువాత మన దక్కను అడవుల్లో తెల్లగా విచ్చుకునే పాంక్రేషియాలు కూడా ఉన్నాయి. గలిలయకు దగ్గరి తీరం నుంచి పెరూ కొండల దాకా, అక్కడి నుంచి తార్నాక దాకా ఒకే పాఠం చెప్పే ఒకే కుటుంబం!

వలలు కట్టినవారు

లిమా కథ అక్కడితో ముగిసిపోలేదు. మంచు ఇంకా వస్తూనే ఉంది. నీటి కుళాయి చేరని కొండవాడల్లోని పేదలు, కొండ మీద రెండు గుంజల మధ్య దోమతెరలాంటి పెద్ద ప్లాస్టిక్ వలలు కట్టారు. మంచు ఆ వలలో చిక్కి, చుక్క చుక్కగా కిందనున్న గొట్టంలోకి, అక్కడి నుంచి తొట్టెలోకి చేరుతుంది. మంచి కాలంలో ఒక్కో పెద్ద వలకు రోజుకు వందల లీటర్లు పట్టిన సందర్భాలున్నాయి. ఆ నీటితో కూరగాయలు పెంచుకున్నారు, మొక్కలు నాటారు. కొన్ని కొండల మీద ఆ వాడల వారే కాపలాదారులయ్యారు. చూడటానికి వచ్చేవారిని బాట తప్పకుండా తీసుకువెళ్లి, పువ్వును చూపించి, ముట్టుకోనివ్వకుండా తిరిగి తీసుకువస్తున్నారు. 2019 డిసెంబరులో పెరూ ప్రభుత్వం లిమా చుట్టూ ఉన్న లోమాస్ కొండల్లో 13 వేల హెక్టార్లకు పైగా భూమిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అందులో అమంకాయెస్ పేరు పెట్టుకున్న కొండ కూడా ఉంది. కాగితం మీది రక్షణ కొండ మీదికి చేరడం ఎక్కడైనా కష్టమే. అయినా గడ్డ మిగిలిన చోట, మనుషులు కాస్త దూరంగా నిలబడిన చోట, పువ్వు మళ్లీ లేస్తోంది.

సంఘం చేయవలసిన పని కూడా ఇదేనేమో. మంచును మనం పుట్టించలేం. అది దేవుని దగ్గర నుంచి రావలసిందే. మనం చేయగలిగింది వల కట్టడం, దారి చూపడం, తొక్కకుండా ఉండటం. ఆదివారం ఆరాధన అయ్యాక హాస్టల్ పిల్లవాణ్ణి ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టడం. వారం రోజులు ఖాళీగా పడి ఉండే సంఘ హాలులో నాలుగు బల్లలు వేసి, ఫ్యాను తిప్పి, చదువుకోమని తాళం చెవి ఇవ్వడం. పరీక్ష ఫీజు ఎవరూ చూడకుండా కట్టడం. బిడ్డలు లేని దంపతులను బిడ్డల ప్రస్తావన లేకుండా పండుగకు పిలవడం. గదిలో తలుపు వేసుకుని పేరు పేరునా చేసే ప్రార్థన. ఇవేవీ సాక్ష్యాల కూడికలో చెప్పుకునేంత పెద్దవి కావు. కంటికి కనిపించనంత చిన్న బిందువులే.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ఓపిక పడితే అందరికీ అడిగింది దొరుకుతుందని నేను చెప్పలేను. కొన్ని గడ్డలు కొన్ని ఏళ్లు పూయవు. పూయని ఏడు కూడా అవి బతికే ఉంటాయి. మట్టి కింద ఉన్నంత కాలం వాటిని ఎరిగినవాడు ఒకడున్నాడు. మనిషి విలువ అతని నియామక పత్రంతో మొదలు కాదని మనం పుల్పిట్ మీద నమ్ముతాం. గేటు దగ్గర కూడా నమ్మాలి.

ఆ ఉదయం లేచి వచ్చేటప్పుడు, "ఆ రోజు నిన్ను అందరిలో నిలబెట్టకుండా ఉండాల్సింది నాన్నా, నాదే తప్పు" అన్నాను. అతను ఏమీ అనలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఫర్వాలేదు అంకుల్" అని కాసేపటికి అన్నాడు. ఫర్వా ఉందని ఆ గొంతులోనే తెలిసింది.

మూడు వారాల తరువాత ఒక ఆదివారం, రెండో కీర్తన పాడుతుండగా వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఆరాధన ముగిశాక గేటు వైపు నడుస్తుంటే సంఘంలోని ఒక పెద్దాయన ప్రేమగా అతని భుజం మీద చేయి వేసి, ఏదో అడగడానికి నోరు తెరిచారు. నేను గబగబా వెళ్లి మధ్యలో నిలబడ్డాను.

"ఇవాళ మా ఇంట్లో పప్పుచారు. తార్నాక దాకా నడుద్దామా, ఎండగా ఉందా?" అన్నాను.

"నడుద్దాం అంకుల్" అన్నాడు.

దారిలో మేం పరీక్షల గురించి మాట్లాడుకోలేదు. ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి రెయిన్ లిల్లీలు వాడిపోయి ఉన్నాయి. సన్నని ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి. అతను ఒంగి చూసి, "ఇప్పుడు తింటున్నాయి అంకుల్, వచ్చే ఏటికి" అన్నాడు. ఇంట్లో మా ఆవిడ అప్పటికే నాలుగో కంచం పెట్టి ఉంచింది.